వలసకాలపు వర్జీనియా ప్లాంటర్ జీవితాన్ని రికార్డుల నుంచి కూర్చడం ఎలా?

18వ శతాబ్దపు వర్జీనియాలో పొగాకు పండించి, సైన్యంలో పనిచేసి, బర్జెసెస్ సభలో (వలస ప్రాంతపు ఎన్నికైన శాసనసభలో) కూర్చున్న మనిషి గురించి రాయాలంటే ముందు అతని కౌంటీ (మన జిల్లా లాంటిది) తేల్చుకోండి. దస్తావేజులు, వీలునామాలు, కోర్టు ఉత్తర్వులు అన్నీ కౌంటీలవారీగానే ఉంటాయి. పాత కౌంటీలను చీల్చి కొత్తవి చేస్తూ పోయారు కాబట్టి, మనిషి ఇల్లు కదలకపోయినా కాగితాలు రెండు మూడు చోట్ల దొరకొచ్చు. భద్రంగా ఉంటాయని కొన్ని కౌంటీలు రిచ్‌మండ్‌కు పంపిన పుస్తకాలు 1865 ఏప్రిల్ మంటల్లో కాలిపోయాయి. అలాంటి కౌంటీ అయితే రాజధానిలో నమోదైన భూమి పట్టాలతో మొదలుపెట్టాలి.

తేదీల దగ్గర చాలామంది బోల్తా పడతారు. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. పెళ్ళి 1740 ఏప్రిల్‌లో, బిడ్డ 1740 ఫిబ్రవరిలో అని కనిపిస్తే తప్పు లేదు. బిడ్డ పుట్టింది పెళ్ళైన పది నెలలకు. పాత లెక్క, నేటి లెక్క రెండూ తెలిసేలా దాన్ని 1740/41 అని రాసుకోండి.

పట్టాలో, వలసకు తెచ్చిన ఒక్కో మనిషికి 50 ఎకరాల చొప్పున లెక్కగట్టిన పేర్ల జాబితా ఉంటే, అది వాళ్ళు ఆ ఏడే వచ్చారనడానికి రుజువు కాదు. ఆ హక్కును అమ్ముకునేవారు, ఏళ్ళ తర్వాత వాడుకునేవారు. హద్దులను మాత్రం కాగితం మీద గీసి తీరాలి. ఒక పోల్ అంటే 16.5 అడుగులు, 160 చదరపు పోల్స్ ఒక ఎకరం. ‘ఉత్తరం నుంచి తూర్పుకు 20 డిగ్రీలు, 120 పోల్స్’ అంటే 1,980 అడుగుల గీత. చివరి గీత, హద్దు మొదలైన చెట్టు దగ్గరికి తిరిగి రాకపోతే, గుమాస్తా ఒక గీత వదిలేశాడో, తూర్పును పడమర అని రాశాడో అయ్యుంటుంది. ఒక్కో గీతను తిప్పి చూడండి. ఏది తిప్పితే పటం మూసుకుని, విస్తీర్ణం పట్టాలోని ఎకరాలకు సరిపోతుందో అక్కడే తప్పు జరిగి ఉంటుంది.

‘కల్నల్’ అన్న మాట చూసి యుద్ధవీరుడని రాయకండి. కౌంటీ మిలీషియాలో (స్థానికులతో కూడిన రక్షణ దళంలో) ఆ హోదా పలుకుబడిని బట్టి వచ్చేది. జార్జ్ వాషింగ్టన్ 1755లో నడిపిన వర్జీనియా రెజిమెంట్ వేరు, అది జీతాల మీద పనిచేసిన దళం. జీతాల పట్టీ, సైనిక సేవకు ఇచ్చిన భూమి లాంటివి దొరికాకే యుద్ధసేవ గురించి రాయండి.

బర్జెసెస్ సభకు కౌంటీకి ఇద్దరు. ప్రతినిధి అక్కడే కాపురముండాలని లేదు. వాషింగ్టన్ 1755లో ఓడి, 1758లో గెలిచింది ఫ్రెడరిక్ కౌంటీలో. అతని ఇల్లు మౌంట్ వెర్నన్ ఉన్నది ఫెయిర్‌ఫాక్స్‌లో. ఓటు నోటితో చెప్పేవారు కాబట్టి, పోలింగ్ జాబితా మిగిలి ఉంటే ఎవరు ఎవరి పక్షమో పేరుపేరునా తెలుస్తుంది.

చనిపోయాక తీసిన ఆస్తుల జాబితాను తొందరపడకుండా చదవండి. పొగాకును కూడా డబ్బులా చెల్లించేవారు కాబట్టి, అందులో ‘పౌండ్లు’ డబ్బా, పొగాకు బరువా చూసుకోండి. వర్జీనియా పౌండు, స్టెర్లింగ్ పౌండు ఒకటి కావు. పశువుల పక్కనే వెలకట్టిన బానిసల పేర్లుంటాయి. వాళ్ళ సంఖ్య రాసి ఊరుకోవద్దు, ప్రతి పేరూ ఎత్తి రాయండి. పన్ను జాబితాలో బానిసల్లో 16 ఏళ్ళు దాటిన స్త్రీపురుషులే లెక్కకొస్తారు, పిల్లలు కనిపించరు. ఆ పిల్లల పేర్లు కూతురికి రాసిచ్చిన దానపత్రంలోనో, అల్లుడి ఆస్తుల జాబితాలోనో తేలవచ్చు. అవి కూడా వెతకండి.