సింథసైజర్ స్వయంబోధిని – 5వ పాఠం: గ్యారీ న్యూమన్ మంద్రనాదం

కిందటి పాఠంలో ఫిల్టర్ నాబ్‌ను తిప్పి వినడం వరకే నేర్చుకున్నాం. ఈసారి ఒక నాదాన్ని మొదటినుంచి కట్టుకుందాం.

1978లో 20 ఏళ్ల బ్రిటిష్ గాయకుడు గ్యారీ న్యూమన్ తన ట్యూబ్‌వే ఆర్మీ బృందంతో పంక్ ఆల్బమ్ రికార్డు చేయడానికి కేంబ్రిడ్జిలోని స్పేస్‌వార్డ్ స్టూడియోకు వెళ్లినప్పుడు, అద్దెకిచ్చినవారు ఇంకా తీసుకెళ్లని మినీమూగ్ అనే సింథసైజర్ ఒకటి అక్కడ ఉంది. సింథసైజర్ ఎరుగని అతడు ఒక మెట్టు నొక్కగానే గది అదిరేంత మంద్రనాదం పలికింది, దానితో అతడి సంగీతమే దారి మళ్లింది. అంతకుముందు వాయించినవారు నాబ్‌లను అలా వదిలి వెళ్లడం అతడి అదృష్టం. మనకు అమరిక తెలిస్తే చాలు.

ముందుగా సింథ్‌ను మోనోలో పెట్టండి, అంటే ఒకసారికి ఒకే స్వరం పలకాలి. మినీమూగ్ స్వభావం అదే. రెండు ఆసిలేటర్లకూ (ధ్వనిని పుట్టించే భాగాలు) రంపపుపళ్ల ఆకారపు తరంగాన్ని ఎంచుకొని, రెండోదానిని అతి కొద్దిగా శ్రుతి తప్పించండి. ఒకటి 110 హెర్ట్జ్ వద్ద, మరొకటి 110.5 వద్ద పలికితే మూలస్వరం 2 సెకన్లకు ఒకసారి అలలా పెరిగి తగ్గుతుంది. మూలస్వరంతోపాటు దానికి రెండు, మూడు... రెట్ల పౌనఃపున్యంతో పలికేవి అనుస్వరాలు (హార్మోనిక్స్). రెండో అనుస్వరంలో ఆ అల సెకనుకు ఒకసారి, పదోదానిలో 5 సార్లు వస్తుంది. ఒకే స్వరాన్ని ఎంతసేపు పట్టి ఉంచినా లోపల ఏదో కదులుతున్నట్టు అనిపించడానికి కారణం ఈ వేర్వేరు వేగాలే. (తంబుర శ్రుతి చేసేవారు ఈ అలను పోగొట్టడానికే తంటాలు పడతారు.) మూడో ఆసిలేటర్‌ను ఒక స్థాయి (ఆక్టేవ్) కిందికి దించి, తక్కువ ధ్వనితో కలపండి.

ఇక ఫిల్టర్. స్థాయికి 24 డెసిబెల్స్ కోసే లో-పాస్ (మంద్రధ్వనులను మాత్రమే పోనిచ్చే) రకాన్ని ఎంచుకొని కటాఫ్‌ను, అంటే కోత మొదలయ్యే చోటును, 500 హెర్ట్జ్ దగ్గర ఉంచితే, 1000 హెర్ట్జ్ దగ్గరి అనుస్వరం కంపన పరిమితి (ఆంప్లిట్యూడ్) సుమారు పదహారో వంతుకు పడిపోతుంది. మెట్టు నొక్కాక నాదం ఎలా మారాలో చెప్పే ఎన్వలప్‌లో అటాక్ (పైకి లేచే సమయం) సున్నా, డికే (తగ్గే సమయం) అర సెకను, సస్టెయిన్ (నిలిచే మట్టం) సగం. కటాఫ్ దగ్గరి ధ్వనిని పెంచే రెజొనెన్స్ జోలికి ఇప్పుడే పోకండి. కొత్తవారు అక్కడే నాదాన్ని పాడుచేస్తారు.

నాదం సిద్ధమయ్యాక దానిపై నమ్మకం ఉంచడం మరో విద్య. 1979లో 4 వారాలు బ్రిటన్‌లో మొదటి స్థానంలో నిలిచిన ‘ఆర్ ఫ్రెండ్స్ ఎలక్ట్రిక్?’ 5 నిమిషాలకు పైగా సాగుతుంది, అందులో పల్లవిలాంటిది లేదు. అదే ఏడాది వచ్చిన ‘ద ప్లెజర్ ప్రిన్సిపల్’ ఆల్బమ్‌లో ఎలక్ట్రిక్ గిటార్ పూర్తిగా మాయమైంది, కాని బేస్ గిటార్, డ్రమ్స్ మనుషులు వాయించినవే. యంత్రసంగీతం అనగానే అన్నీ యంత్రాలే అనుకునేవారు దీన్ని గమనించరు. అందులోని ‘కార్స్’ను అతడు కూర్చింది కూడా బేస్ గిటార్ మీదే.

అభ్యాసం: నాలుగు స్వరాల పదబంధం ఒకటి సొంతంగా కూర్చి, రెండు నిమిషాలు మార్చకుండా వాయిస్తూ కటాఫ్‌ను మాత్రమే మెల్లగా తెరవండి, మళ్లీ మూయండి. విసుగు ఎక్కడ మొదలైందో రాసుకోండి.

1990లలో న్యూమన్ నాదం మరింత గరుకుగా, చీకటిగా మారింది. ఆ బాటలోనే 2017లో ‘శావేజ్’ ఆల్బమ్ బ్రిటన్‌లో రెండో స్థానానికి చేరింది. ఆ గరుకుదనాన్నిచ్చే డిస్టార్షన్ వచ్చే పాఠంలో. దానికి ఇవాళ్టి అమరికే కావాలి కనుక పేరుపెట్టి భద్రపరచుకోండి.