చలి ముదిరేలోపు కాగితం పూల తీగకు చేయాల్సినవి

మంచు గడ్డకట్టే చోట కాగితం పూల తీగను, అదే బోగన్‌విలియాను, నేలలో నాటితే ఆ ఒక్క సీజన్ వైభవమే. దక్షిణ అమెరికా వేడి ప్రాంతాల మొక్క అది. ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి దిగితే ఆకులు, లేత కొమ్మలు నల్లబడిపోతాయి. ఆ చలి కొన్నాళ్లు నిలిస్తే వేరు కూడా దక్కదు. కాబట్టి కుండీలోనే పెంచాలి.

మొదటి మంచు పడేదాకా ఆగొద్దు. రాత్రిపూట 10 డిగ్రీలకు దిగుతోందంటే కుండీని లోపలికి చేర్చేయాలి. అంతకు కొన్ని వారాల ముందే నత్రజని ఎరువు ఆపండి. లేకపోతే కొత్త చిగుళ్లు వస్తూనే ఉంటాయి, చలికి మొట్టమొదట పోయేవి అవే. ఆకుల అడుగున, గణుపుల దగ్గర పిండినల్లి, పేనుబంక ఉన్నాయేమో వెతకండి. ఇంట్లో వాటిని తినే పురుగులు ఉండవు, ఇక వాటిదే రాజ్యం. ముళ్లుంటాయి కాబట్టి మందపాటి గ్లౌజులు వేసుకోండి. కుండీ మార్చే ఆలోచన మాత్రం ఇప్పుడొద్దు, దీని వేర్లు చాలా సున్నితం.

ఎక్కడ పెట్టాలి? ఎండ బాగా పడే కిటికీ ఉంటే సరే. లేదంటే 5 నుంచి 10 డిగ్రీలుండే గ్యారేజీ లాంటి చల్లని చోటు. నా ఓటు దీనికే. అక్కడ ఆకులు రాల్చి నిద్రపోతుంది, వెలుతురు తక్కువైనా ఫర్వాలేదు. వెచ్చగా, చీకటిగా ఉండే మూలలో పెడితే మాత్రం పాలిపోయిన సన్నటి కొమ్మలు సాగుతాయి.

అసలు ప్రమాదం నీళ్లతో. ఆకులు రాలడం చూసి టెన్షన్ పడిపోయి, దాహమేమోనని చెంబుల కొద్దీ పోసేస్తారు. ఆకులే లేని మొక్క నీళ్లు పెద్దగా తాగదు. మట్టి చల్లగా, తడిగా ఉండిపోయి వేరు కుళ్లుతుంది. పైకి ఏమీ తెలియదు. వేలు రెండు అంగుళాలు దింపి చూసి, పొడిగా తగిలితేనే కాసిని పోయండి. కింది పళ్లెంలో నీళ్లు నిలవనివ్వొద్దు. బతికుందా అని అనుమానం వస్తే కొమ్మను గోటితో గీరండి, లోపల పచ్చగా ఉంటే ఆ కొమ్మకు ప్రాణం ఉన్నట్టే. ఒకటి ఎండినా మొదలు దగ్గర కూడా గీరి చూడందే పారేయకండి.

చలి తగ్గే ముందు కొమ్మలు కత్తిరించండి, పూలు కొత్త చిగుళ్లకే వస్తాయి. రాత్రులు 10 డిగ్రీల పైన నిలబడ్డాక బయటికి తీసి, మొదట నీడలో ఉంచి, వారం పది రోజుల్లో మెల్లగా ఎండకు జరపండి. ఈలోగా మళ్లీ మంచు హెచ్చరిక వస్తే, ఎంత బరువున్నా సరే, ఆ రాత్రికి కుండీని లోపలికి లాగాల్సిందే.