పండగ సేల్‌కి ముందు: నోడ్ పలకకపోతే ఏం చేయాలో ఇప్పుడే తేల్చుకోండి

దసరా, దీపావళి సేల్స్ మొదలైతే కుబెర్నెటిస్ క్లస్టర్ (యాప్‌లను కలిసి నడిపే సర్వర్ల గుంపు) మీద లోడ్ అమాంతం పెరుగుతుంది. ఆ రద్దీలో ఒక వర్కర్ నోడ్ (అందులోని ఒక సర్వర్) పలకడం మానేస్తే ఏమవుతుందో ముందే తెలిసి ఉండాలి. అర్ధరాత్రి అలారం మోగాక నేర్చుకునే సంగతి కాదిది.

నోడ్‌లోని కుబ్‌లెట్ అనే ఏజెంట్ మామూలుగా 10 సెకన్లకోసారి తన లీజును, అంటే 'బతికే ఉన్నా' అనే గుర్తును, రెన్యూ చేస్తుంటుంది. అది ఆగి 40 సెకన్లు (1.32 వెర్షన్ నుంచి 50) దాటితే నోడ్లను గమనించే కంట్రోలర్ ఆ నోడ్‌కి అన్‌రీచబుల్ టెయింట్ (అందడం లేదనే ముద్ర) వేస్తుంది. సర్వీస్ ట్రాఫిక్ అప్పుడే అటు వెళ్లడం ఆగుతుంది. కొత్త పాడ్‌లు (యాప్ కంటైనర్లు నడిచే యూనిట్లు) మాత్రం వెంటనే రావు, డిఫాల్ట్‌గా ఇంకో 300 సెకన్లు ఆగాలి. రెండే రెప్లికాలు (పాడ్ నకళ్లు) ఉన్న చెకవుట్ సర్వీసు ఆ ఐదు నిమిషాలూ ఒక్క పాడ్ మీదే నడవాలి. అందుకే రెప్లికాలు పెంచండి, అవన్నీ ఒకే నోడ్ మీద పడకుండా టోపాలజీ స్ప్రెడ్ పెట్టండి, ఒక నోడ్ పోయినా సరిపడా ఖాళీ ఉంచండి. డేటా దాచుకోని సర్వీసులకు ఆ 300ని 60కి తగ్గించుకోవచ్చు. మరీ తగ్గిస్తే నెట్‌వర్క్ కాస్త తడబడినా పాడ్‌లు అటూ ఇటూ పరుగులు పెడతాయి.

డిస్‌రప్షన్ బడ్జెట్ (ఒకేసారి ఎన్ని పాడ్‌లు ఆగొచ్చో చెప్పే పరిమితి) ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది నోడ్‌ని మనమే ఖాళీ చేయించేటప్పుడే (డ్రెయిన్) కాపాడుతుంది, నోడ్ హఠాత్తుగా పోతే కాదు.

అసలు భయపడాల్సింది డేటాబేస్ పాడ్‌ల గురించి. స్టేట్‌ఫుల్‌సెట్ (ప్రతి పాడ్‌కీ స్థిరమైన పేరు ఉండే సెట్) పాడ్ 'టెర్మినేటింగ్' దగ్గరే ఆగిపోతుంది. చూస్తూ ఊరుకోలేక ఫోర్స్ డిలీట్ కొట్టాలనిపిస్తుంది. దయచేసి కొట్టకండి. నోడ్ పలకనంత మాత్రాన చచ్చిపోయినట్టు కాదు. కావాలంటే టెస్ట్ క్లస్టర్‌లో ఒక నోడ్ మీద కుబ్‌లెట్ సర్వీసు ఆపి చూడండి. క్లస్టర్ ఆ నోడ్‌ని నాట్ రెడీ అంటుంది, ఆ మెషీన్‌లోకి లాగిన్ అయి చూస్తే కంటైనర్లు హాయిగా నడుస్తుంటాయి. డేటాబేస్ కూడా అలాగే రాస్తూ ఉండొచ్చు. అదే పేరుతో రెండోది లేచిందంటే డేటా పాడయ్యే ప్రమాదం ఉంది. ముందు మెషీన్ పవర్ ఆఫ్ అయిందని క్లౌడ్ కన్సోల్‌లో ఖాయం చేసుకోండి, తర్వాత అవుట్ ఆఫ్ సర్వీస్ టెయింట్ వేయండి. పాడ్‌లు తొలగిపోయి, వాల్యూమ్‌లు (డేటా డిస్కులు) విడిపోయి కొత్త చోట లేస్తాయి. నోడ్ బాగయ్యాక ఆ టెయింట్ తీసేయాల్సింది మీరే. ఈ పని ఎవరు చేయాలో, కన్సోల్ యాక్సెస్ ఎవరికుందో ఇప్పుడే రాసిపెట్టుకోండి.

మెమరీ లిమిట్ లేని పాడ్‌లే చాలాసార్లు కుబ్‌లెట్‌కి ఊపిరాడకుండా చేస్తాయి. లిమిట్లు పెట్టండి, సిస్టమ్‌కి కొంత మెమరీ విడిగా రిజర్వ్ చేయండి.

నోడ్లన్నీ ఒకేసారి మౌనం వహిస్తే మాత్రం వాటిని రీబూట్ చేయకండి. అలాంటప్పుడు కంట్రోలర్ కూడా పాడ్‌లను ఖాళీ చేయించడం ఆపేస్తుంది. ముందు క్లస్టర్‌ని నడిపించే ఏపీఐ సర్వర్‌కీ నోడ్లకీ మధ్య నెట్‌వర్క్ చూడండి.