సముద్రపు పోటు టైం చూడకుండా కారు తీయొద్దు

మొన్న ఈస్టర్ సెలవుల్లో మా స్నేహితుల కుటుంబం ఇంగ్లండ్ ఈశాన్య తీరంలో హోలీ ఐలాండ్ అనే ద్వీపానికి వెళ్ళే రోడ్డు మీద సముద్రపు నీళ్ళలో చిక్కుకుపోయింది. ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన అత్తగారు, మామగారు. పొద్దున ఆనిక్ కోట చూసి, ఊళ్ళో తిరిగి, భోజనాలయ్యాక "ఇంకా వెలుతురు ఉంది, దగ్గరే కదా" అని బయల్దేరారు. మనుషులు క్షేమంగా బయటపడ్డారు. ఉప్పునీళ్ళు తాగిన కారు మాత్రం మళ్ళీ స్టార్ట్ కాలేదు.

వేసవి సెలవులు వస్తున్నాయి. రెయిన్‌కోట్లు, పులిహోర డబ్బాలు, రైలు టికెట్ల గురించి మీకు చెప్పక్కర్లేదు. ఒక్క విషయం మాత్రం చెప్పాలి. కోటలకు టైం చూస్తాం, హోటల్‌కు రివ్యూలు చూస్తాం, పోటు, అంటే సముద్రం ఒడ్డుకు ఎక్కి వచ్చేది, ఎప్పుడో మాత్రం చూడం.

ఎందుకు పొరబడతాం

మనం విశాఖ, కాకినాడ, సూర్యలంక చూసి పెరిగినవాళ్ళం. మనకు తెలిసిన భయం అలలదే. విశాఖలో పోటుకీ పాటుకీ (నీళ్ళు వెనక్కి తీసినప్పటికీ) నీటిమట్టంలో తేడా మహా అయితే మనిషి ఎత్తు. బ్రిస్టల్ పక్కన ఏవన్‌మౌత్‌లో పెద్ద పోటు రోజుల్లో ఆ తేడా 14 మీటర్ల దాకా ఉంటుంది, అంటే నాలుగంతస్తుల మేడంత. ఇక్కడ చాలాచోట్ల సముద్రం కనుచూపు మేర వెనక్కి పోతుంది. అలలూ ఉండవు, హోరూ ఉండదు. ఎదురుగా అంతా ఇసకే కనబడుతుంది. తిరిగొచ్చేటప్పుడు నీళ్ళు ముందు పల్లపు కాలువల్లోకి చేరతాయి, అంటే మీ ముందు నుంచి కాదు, వెనక నుంచి. మీరు చూసుకునేసరికి ఒడ్డుకీ మీకూ మధ్య నీళ్ళుంటాయి. 2004 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ వాయవ్య తీరంలోని మోర్‌కామ్ బేలో తినే గవ్వలు (కాకిల్స్) ఏరుకునే చైనా కూలీలు కనీసం 21 మంది చనిపోయింది ఇలాగే.

హోలీ ఐలాండ్ సంగతి

ఆ ద్వీపానికి వెళ్ళే తారురోడ్డు రోజుకు రెండుసార్లు మునుగుతుంది. ఎప్పటి నుంచి ఎప్పటి దాకా దాటవచ్చో నార్తంబర్లాండ్ కౌంటీ కౌన్సిల్ పట్టిక వేస్తుంది. రోడ్డు మొదట్లో బోర్డు మీద కూడా ఉంటుంది. అయినా ఏటా కార్లు మునుగుతూనే ఉన్నాయి. "ముందు కారు వెళ్ళింది కదా" అనే గొర్రెదాటే దీనికి కారణం. ఆ ముందు కారు నడిపేవాడు కూడా మీలాంటి వాడే కావచ్చు. రోడ్డు పక్కన స్తంభాల మీద తెల్లటి చిన్న గది కనిపిస్తుంది, అందరూ ఫోటో తీసుకుంటారు. అది చిక్కుకున్నవాళ్ళు ఎక్కి కూర్చోవడానికి కట్టింది.

పట్టికలో చివరి టైం 4:30 అంటే 4:30కి బయల్దేరమని కాదు. అప్పటికి అవతలి ఒడ్డున ఉండాలి. ఆలస్యమైతే ద్వీపంలోనే ఆగిపోండి. కొన్ని గంటలు పోతాయి, అంతే. టీ కొట్లున్నాయి.

పోటు టైం రోజుకు సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. పోయిన వారం వెళ్ళొచ్చినవాళ్ళు వాట్సాప్‌లో పెట్టిన టైం మీకు పనికిరాదు. అమావాస్య, పౌర్ణమి దాటిన ఒకటి రెండు రోజులు పోటు మరీ పెద్దది. అత్తగారి పంచాంగం ఇక్కడ కూడా అక్కరకొస్తుంది.

ఇంకో మోసం ఉంది. కొన్ని పోటు పట్టికలు ఎండాకాలంలో కూడా గ్రీనిచ్ టైంలోనే ఉంటాయి. మార్చి చివరి ఆదివారం నుంచి అక్టోబరు చివరి ఆదివారం దాకా దానికి ఒక గంట కలపాలి. పట్టిక ఏ టైంలో ఉందో ముందు చూడండి.

మిగతా ఊళ్ళు

లివర్‌పూల్ వెళ్తే క్రాస్బీ బీచ్‌లో నూరు ఇనుప మనుషుల విగ్రహాలు చూస్తారు. పిల్లలు చివరి బొమ్మ దాకా వెళ్దామంటారు. వద్దు. దూరపు బొమ్మలు పోటుకు మునుగుతాయి, దారిలో బురద కాళ్ళు పట్టేస్తుంది.

విట్బీలో మఠానికి 199 మెట్లు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళను ఎక్కించకండి. అక్కడి నుంచి శాండ్సెండ్‌కు కొండచరియల కింద ఇసకలో నడక బాగుంటుంది. పోటుకు ఆ దారి మూసుకుపోతుంది. పోటు టైం చూడండి.

బ్రిస్టల్‌లో రాజా రామమోహన్ రాయ్ విగ్రహం కాలేజ్ గ్రీన్ దగ్గర, సమాధి ఆర్నోస్ వేల్‌లో. ఆయన 1833లో అక్కడే కన్నుమూశారు. తప్పక చూడండి. ఓడరేవు గట్టు మీద అన్నిచోట్లా రెయిలింగ్ లేదు. పిల్లల చెయ్యి వదలొద్దు.

కార్న్‌వాల్‌లో మరజాయన్ ఊరి నుంచి సెయింట్ మైకేల్స్ మౌంట్ ద్వీపానికి నడిచి వెళ్ళే రాళ్ళదారి కూడా మునిగేదే. పోటు టైం.

సంత రోజున చౌక్‌లో కారు పెట్టొద్దు. బోర్డు చదవండి.

12 ఏళ్ళు నిండని, 135 సెంటీమీటర్లు లేని పిల్లలకు కారులో చైల్డ్ సీటు.

అమ్మానాన్నలకు ట్రావెల్ ఇన్సూరెన్స్ లేకుండా ఊరు దాటొద్దు.

చిప్స్ పొట్లం చేత్తో పైకెత్తి పట్టుకోకండి. సముద్రపు కాకులు (సీగల్స్) కాచుకుని ఉంటాయి.

సెల్ఫీ కోసం బురదలో దిగొద్దు. దిగబడితే గింజుకోవద్దు. వెల్లకిలా వాలి బరువు పంచండి, కాళ్ళు మెల్లగా లాగండి.

నీళ్ళలో పడితే ఈత కొట్టబోకండి, ముందు వెల్లకిలా తేలండి. చన్నీళ్ళకు ఊపిరి అదుపు తప్పుతుంది.

మ్యాప్ చూపించే నిమిషాలను నమ్మొద్దు. దానికి పోటు పట్టదు.

రోడ్డు మీద నీళ్ళు కనిపిస్తే, అరికాలు లోతే అయినా, ఆగి వెనక్కి తిప్పండి. "ఇంతేగా" అనొద్దు.

తిప్పే వీలు లేకపోతే కారు వదిలేయండి. పిల్లల్ని ఎత్తుకోండి, ఆ తెల్లగది దగ్గరుంటే ఎక్కండి, బ్యాగుల కోసం వెనక్కి పోవద్దు. 999కి ఫోన్ చేసి "కోస్ట్‌గార్డ్" అనండి.