ఫ్లాప్ అయిన యానిమేషన్ సినిమాల్లో మంచివి పట్టుకోవడం ఎలా

ముందు కలెక్షన్లు చూసి సినిమాని తీసిపారేయడం మానేయండి, ఎందుకు ఆడలేదో చూడండి. రిలీజ్ డేట్ చూస్తే సగం అర్థమైపోద్ది. ట్రెజర్ ప్లానెట్ 2002 నవంబర్‌లో వచ్చింది, అప్పటికే హ్యారీ పోటర్ రెండో పార్ట్ థియేటర్లలో దుమ్ము లేపుతోంది, ఇంకెక్కడ ఆడుద్ది పాపం.

తర్వాత డైరెక్టర్ పేరు పట్టుకుని వెనక్కి వెళ్ళండి, నాకైతే ఇదే బాగా పనిచేసింది. ది ఇన్‌క్రెడిబుల్స్ నచ్చిందా, అదే బ్రాడ్ బర్డ్ 1999లో తీసిన ది ఐరన్ జయంట్ పెట్టుకోండి, పబ్లిసిటీ సరిగా లేక పోయిందిగానీ, అంత పెద్ద రోబో అడవిలో జింక వైపు మెల్లగా వేలు చాపే సీన్ ఉంటది, డైలాగే అక్కర్లేదు, గొంతు పట్టేస్తది.

చూసేటప్పుడు బొమ్మ ఎలా గీశారో కూడా గమనించండి. ట్రెజర్ ప్లానెట్‌లో సిల్వర్ అని సగం మెషిన్‌గా ఉండే ఓ దొంగ ఉంటాడు, వాడి ఒళ్ళు చేత్తో గీసిందే, చెయ్యి, కాలు, కన్ను లాంటి మెషిన్ భాగాలు మాత్రం కంప్యూటర్‌వి, రెండూ ఎక్కడ కలిశాయో కనిపెట్టడం కష్టం.

ట్రైలర్లు మాత్రం నమ్మొద్దు, చాలాసార్లు సినిమా ఒకటి, ట్రైలర్ ఇంకోటి. ఫోన్ పక్కన పడేసి ఒక ఇరవై నిమిషాలు చూడండి, అప్పటికీ ఎక్కకపోతే వదిలేయండి.