బాక్‌స్టర్ డోర్ అద్దం జారిపోతే

పాత పోర్షే బాక్‌స్టర్‌లో (986 మోడల్) స్విచ్ నొక్కితే మోటారు గుయ్‌మంటూ తిరుగుతున్నా అద్దం కదలడం లేదంటే, చాలామటుకు రెగ్యులేటర్ (అద్దాన్ని పైకీ కిందికీ జరిపే భాగం) కేబుల్ తెగినట్టే. అసలు చప్పుడే లేకపోతే మాత్రం ముందు ఫ్యూజు, స్విచ్ చూడండి, ఊరికే డోర్ విప్పకండి.

చాలా వాటిలో డోర్‌లోనే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది. బ్యాటరీ నెగటివ్ వైరు తీసి, కొన్ని నిమిషాలు ఆగాకే పని మొదలెట్టండి. ఎయిర్‌బ్యాగ్ ప్లగ్గు ఊడి ఉండగా ఇగ్నిషన్ ఆన్ చేస్తే డ్యాష్‌బోర్డులో ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగి కూర్చుంటుంది, కారు లోపాలు చదివే స్కానర్ పెడితే గానీ పోదు.

అసలు కిటుకు అద్దం దగ్గరుంది. ఈ డోర్‌కి పైన ఫ్రేమ్ లేదు. అద్దం ఏ కోణంలో నిలబడాలో, ఎంత ఎత్తుకి లేవాలో కింది బోల్టులే తేలుస్తాయి. అందుకే విప్పే ముందే ప్రతి బోల్టు చుట్టూ మార్కర్‌తో గీత గీసుకోండి, ఫోన్‌తో ఫోటో కూడా తీయండి. గీత తప్పితే అద్దం టాప్ (పైకప్పు) రబ్బరుకి సరిగా ఆనదు. ఇక హైవే మీద ఈల, వానలో సీటు మీద చుక్కలు! అద్దం పట్టుకోవడానికి ఇంకో మనిషి ఉంటే మేలు. తెగిన కేబుల్ పోగులు సూదుల్లా గుచ్చుకుంటాయి, గ్లౌజులు తప్పనిసరి.

డోర్ ప్యాడ్ వెనకున్న పొరని చింపకుండా మెల్లగా ఊడదీసి, మళ్లీ అలాగే అతికించండి. లోపలికి నీళ్లు రాకుండా ఆపేది అదే.

ప్లగ్గులన్నీ పెట్టి బ్యాటరీ కలిపాక అద్దం పూర్తిగా ఎత్తి, స్విచ్ వదిలి, మళ్లీ పైకి కాసేపు నొక్కి పట్టండి, అద్దం ఎక్కడ ఆగాలో కారు గుర్తుపెట్టుకునేది అలాగే. హ్యాండిల్ లాగగానే అద్దం కొంచెం దిగాలి.