స్పిరులినా పొడిని ఎలా ఎంచుకోవాలి, ఎలా తినాలి

స్పిరులినా అనే నీలిపచ్చ నాచు పొడి డబ్బా కొనేటప్పుడు ముందుగా చూడవలసింది పైనున్న బొమ్మను కాదు, వెనుకనున్న పోషకాల పట్టికను. అందులోని అంకెలు సాధారణంగా వంద గ్రాముల పొడికి ఇచ్చినవి: సుమారు 57 గ్రాముల మాంసకృత్తులు, 28 మిల్లీగ్రాముల ఇనుము, మూడున్నర మిల్లీగ్రాములకు పైగా బి2 విటమిన్. మనం రోజుకు తినేది మాత్రం ఒక చెంచా, అంటే దాదాపు 3 గ్రాములు. ఆ లెక్కన అందే మాంసకృత్తులు రెండు గ్రాములకు లోపే. ఒక్క కోడిగుడ్డులో ఆరు గ్రాములుంటాయి. ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా రాదు. స్త్రీలకు రోజుకు 29 మిల్లీగ్రాములు అవసరమని 2020 నాటి జాతీయ ప్రమాణాలు చెబుతున్నాయి కనుక, రక్తహీనత ఉన్నవారు డాక్టరు ఇచ్చిన మాత్రలు మాని దీన్ని నమ్ముకోవడం తగదు.

బి12 విషయంలో శాకాహారులు మరింత జాగ్రత్తగా ఉండాలి. స్పిరులినాలో బి12గా లెక్కకు వచ్చేదానిలో అధిక భాగం మన శరీరం వాడుకోలేని రూపం. అందుకు పాలు, పెరుగు, అవసరమైతే మాత్రలే దిక్కు.

ఇక తినే పద్ధతి. పొడిని నేరుగా నీళ్లలో వేస్తే ఉండలు కట్టి పైకి తేలుతుంది. అందుకని ముందు రెండు చెంచాల మజ్జిగలో మెత్తగా కలిపి, ఆ తరువాత గోరువెచ్చగా చల్లారిన జొన్న గట్కలోనో అంబలిలోనో వేయాలి. పొయ్యి మీద ఉడుకుతున్నప్పుడు వేస్తే నీలి వర్ణకం, కొన్ని విటమిన్లు దెబ్బతింటాయి. నకిరేకల్ మార్కెట్‌కు అంత నిమ్మ వచ్చే మన నల్లగొండ జిల్లాలో ఒక చెక్క పిండుకోవడం కష్టం కాదు. దాని సి విటమిన్ ఇనుమును ఒంటికి పట్టేలా చేస్తుంది, నాచు వాసననూ కొంత అణచివేస్తుంది. తిన్న గంట వరకు చాయ్ తాగకపోవడం మేలు.

ఎండాకాలంలో చెరువు మీద పేరుకునే పచ్చని పాచి కూడా ఇదే జాతి కదా అని ఎండబెట్టి తినే సాహసం ఎవరూ చేయరాదు. అందులో కాలేయాన్ని దెబ్బతీసే విషాలు ఉండవచ్చు, అవి మరిగించినా పోవు. అందుకే శుభ్రమైన తొట్లలో పెంచినది, కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ పద్నాలుగు అంకెల లైసెన్సు సంఖ్య ఉన్నది మాత్రమే కొనాలి. గర్భిణులు, రక్తం పలుచబడే మందులు వాడేవారు డాక్టరును అడగనిదే మొదలుపెట్టకూడదు.

డబ్బాను వెలుతురు, తేమ తగలని చోట గట్టిగా మూసి ఉంచాలి. ముదురు నీలిపచ్చ రంగు పోయి గోధుమ రంగుకు తిరిగిన పొడిని పారవేయాలి.